ఎడమచేతి వాటం స్ప్రింగు

స్ప్రింగుల మేస్త్రికి కస్టమర్లంటే పడదు. వాళ్ళు రారు కాబట్టి పడదో, ఈయనకి పడదు కాబట్టి వాళ్ళు రారో, ఎవరూ తేల్చి చెప్పలేదు. సందు చివర షట్టరు సగం ఎత్తిన గది ఆయనది. లోపల ఒక బల్ల, బల్లకి బిగించిన పట్టకారు లాంటి వైసు, పాత లేత్ మిషన్, వెనక ఒక మంచం. గోడకి మేకులు కొట్టి పదకొండు ఎయిర్ గన్నులు వేలాడదీశాడు. బాగుచేసి పెట్టాక తీసుకుపోవడానికి రాని మనుషుల తుపాకులవి. వారానికోసారి ఒక్కోదాన్నీ దింపి, గుడ్డతో తుడిచి, ఒక చుక్క నూనె రాసి మళ్ళీ వేలాడదీస్తాడు.

"నీ యజమాని ఇవాళ కూడా రాలేదే తల్లీ," అంటాడు ఒకదానితో. "ఏం మనుషులో ఏమో. సరే, పడుకో."

భార్య పోయి తొమ్మిదేళ్ళు. పిల్లల్లేరు. రోజు మొత్తంలో ఆయన మాట్లాడే మాటల్లో ముప్పాతికవంతు ఆ గోడతోనే.

అసలు స్ప్రింగు తుపాకీ అంటే ఏముందండీ, మందా మాకా? బ్యారెల్ విరిచి కిందికి వంచితే లోపల స్ప్రింగు నొక్కుకుంటుంది. ట్రిగ్గర్ లాగితే ఆ స్ప్రింగు పిస్టన్ని తోస్తుంది, పిస్టన్ గాలిని తోస్తుంది, గాలి సీసపు గుండుని తోస్తుంది. ఇప్పుడు వాటిని అడిగేవాడు లేడు. బజారులో గ్యాస్ నింపినవి వచ్చాయి. ఒకడెవడో అలాంటిది పట్టుకొచ్చి బాగుచెయ్యమంటే మేస్త్రి దాన్ని ముట్టుకోను కూడా లేదు. "సిలిండరు తగిలించుకుని పేల్చేది తుపాకీ ఎలా అవుతుంది బాబూ? అది గ్యాస్ పొయ్యి. పొయ్యిలు బాగుచేసే కొట్టు పక్క వీధిలో ఉంది, వెళ్ళు," అని పంపేశాడు. మరి కస్టమర్లు ఎందుకొస్తారు చెప్పండి!

అలాంటి కొట్టుకి ఒక మంగళవారం ఉదయం ఒకావిడ వచ్చింది. ముప్పై ఐదేళ్ళుంటాయి. చేతిలో దుప్పటి చుట్టిన పొడుగాటి మూట.

"మావయ్యా, నన్ను గుర్తుపట్టారా?"

ఆ పిలుపు చెవిన పడి ఎన్నేళ్ళయిందో! మేస్త్రి కళ్ళజోడు నుదుటి మీదికి తోసి చూశాడు. ముక్కు చూడగానే తెలిసిపోయింది. కర్ర మేస్త్రి ముక్కు అది. ఆ ముక్కుని తప్పించుకుని పుట్టడం ఆ వంశంలో ఎవరికీ సాధ్యం కాలేదు.

"కర్ర మేస్త్రి కూతురివి," అన్నాడు.

"నాన్న పంపించారు." మూట బల్ల మీద పెట్టింది. "విప్పి చూడమన్నారు."

"ఏం పాడైందట?"

"అదేం చెప్పలేదు. విప్పి చూడమన్నారు, అంతే."

"ఎలా ఉన్నాడు?"

"కుడి చెయ్యి పడిపోయి నాలుగు నెలలయింది మావయ్యా. ఎడమ చెయ్యీ సన్నగిల్లుతోంది. మాట మాత్రం బాగానే ఉంది. మంచం మీంచే ఇల్లంతా పెత్తనం." నవ్వబోయి ఆపేసింది. "నాకు మిల్లులో షిఫ్టు టైమవుతోంది. వస్తాను."

ఆవిడ వెళ్ళిపోయాక మేస్త్రి దుప్పటి తీశాడు. లోపల ఏముందో తెలిసే తీశాడు.

ఇరవై ఆరేళ్ళ క్రితం ఇద్దరూ ఒకే తుపాకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళు. ఇనుము పని ఈయనది, తుపాకీకి భుజాన ఆనే కర్ర పని ఆయనది. చుట్టరికం ఏమీ లేదు. కానీ మొదటి రోజు నుంచీ బావా అంటే బావా. సెలవు రోజున ఫ్యాక్టరీ వెనక గోడకి ఇసుక పెట్టె ఆనించి, దాని మీద సీసా మూతలు వరసగా పెట్టి, చీకటి పడేదాకా కొట్టేవాళ్ళు. వేడెక్కిన నూనె వాసన, బ్యారెల్ మూసినప్పుడు 'టక్'మనే చప్పుడు, ఎవరి గుండు తగిలిందని గంటసేపు దెబ్బలాట. మేస్త్రి జీవితంలో సుఖం అన్నది ఏదైనా ఉంటే అదే. పెళ్ళి సుఖం తర్వాతే ఇదని పైకి అనేవాడు గానీ, పెళ్ళాం కూడా నమ్మేది కాదు.

ఆ రోజుల్లోనే ఈయన బుర్రలో ఒక ఆలోచన పుట్టింది. స్ప్రింగు నొక్కుకున్నప్పుడు పొట్టిదవడమే కాదు, కాస్త మెలి తిరుగుతుంది. వదలగానే ఆ మెలి విప్పుకుంటూ తుపాకీని చేతిలో పక్కకి తిప్పేస్తుంది. పెద్ద స్ప్రింగుకి బదులు రెండు చిన్నవి పెట్టి, ఒకటి కుడిచేతి వాటంగా, ఇంకోటి ఎడమచేతి వాటంగా చుడితే? ఒకదాని మెలిని ఇంకోటి మింగేస్తుంది. తుపాకీ కదలదు. తన బొమ్మల పుస్తకంలో గీసి చూపిస్తే కర్ర మేస్త్రి ఎగిరి గంతేశాడు. "బావా, దీనికి కర్ర నేను చేస్తా. నా చేత్తో. ఇంకెవణ్ణీ ముట్టుకోనివ్వకు!"

ఎనిమిది స్ప్రింగులు చుట్టాడు. నాలుగు కుడి, నాలుగు ఎడమ. కలిసిపోకుండా ఎడమవాటికి ఎర్రదారం కట్టాడు. కానీ గట్టిపడడానికి కొలిమిలో పెట్టాలిగా, దారంతో పెడితే కాలిపోతుంది. విప్పేశాడు. కొలిమిలోంచి వచ్చి నూనెలో మునిగాక ఎనిమిదీ ఒక్కలాగే నల్లగా ఉన్నాయి. వెలుతురులో పెట్టి వాలు చూస్తే తెలుస్తుంది. తొందరలో ఉన్నాడు. రెండు తీశాడు, వేశాడు. నా చేతి స్ప్రింగు నాకు తెలీదా అనుకున్నాడు.

మర్నాడు యజమాని, ఆయన వెంట వచ్చిన పెద్దమనుషుల ముందు పరీక్ష. పది గుండ్లు పేల్చాడు. పదీ జానెడు కుడిపక్కకి పోయాయి. పెద్దమనుషులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మేస్త్రి నోట్లోంచి వచ్చింది ఒక్క మాట.

"కర్ర వంకర. పచ్చి చెక్క వాడాడు."

కర్ర మేస్త్రి తెల్లబోయాడు. "బావా, విప్పి చూడు."

"విప్పడానికేముంది? నా స్ప్రింగు నాకు తెలీదా?"

"ఒక్కసారి విప్పు బావా."

విప్పలేదు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారే, అదీ సంగతి. యజమాని ఆ తుపాకీని కర్ర మేస్త్రి చేతిలోనే పెట్టి, "ఇది నువ్వే ఉంచుకో, రేపట్నుంచి రావక్కర్లేదు," అన్నాడు. ఆ తర్వాత కర్ర మేస్త్రి తలుపులూ మంచాలూ చేసుకుని బతికాడు. 'వంకర కర్ర' అన్న పేరు మాత్రం ఆయన కంటే ముందే వెళ్ళి వీధి వీధినా కూర్చుంది. పచ్చి చెక్క వాడే వడ్రంగి చేత తలుపు ఎవడు చేయించుకుంటాడు?

ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఇరవై ఆరేళ్ళు! మేస్త్రి ఇంకో స్నేహితుణ్ణి వెతుక్కోలేదు. వెతుక్కున్నా దొరికేవాడు కాదనుకోండి, ఆ నోటికి.

ఇప్పుడా తుపాకీ బల్ల మీద ఉంది. కర్ర మీద చెయ్యి వేసి నిమిరాడు. ఎక్కడా బీట లేదు. దారం పట్టుకుని బారుగా లాగి చూశాడు. ఇంతకాలమైనా వెంట్రుకవాసి వంగలేదు. స్క్రూడ్రైవరు అందుకున్నాడు.

స్క్రూల దగ్గర ఆగిపోయాడు. బిగించాక స్క్రూ తల మీది గీత బ్యారెల్ వెంట నిలువుగా ఉండాలి, అది ఈయన పట్టింపు. కర్ర మేస్త్రి అడ్డంగా ఉంచేవాడు. దాని మీదా ఇద్దరికీ బోలెడు దెబ్బలాట. ఇక్కడ మూడు గీతలూ అడ్డంగా ఉన్నాయి. అంటే ఆయన విప్పాడు. విప్పి, చూసి, మళ్ళీ బిగించాడు.

మేస్త్రి వైసులో బిగించి, మెల్లగా వదులుతూ స్ప్రింగులు బయటికి తీశాడు. కిటికీ వెలుతురులో పట్టుకున్నాడు. రెండూ కుడిచేతి వాటమే.

మనిషి బుద్ధి చూడండి, ముందు ఏమనుకున్నాడో తెలుసా? వాడే మార్చి ఉంటాడనుకున్నాడు! నన్ను తప్పు పట్టించడానికి ఇన్నేళ్ళకి నాటకం ఆడుతున్నాడు అని పళ్ళు కొరికాడు. అప్పుడు గుర్తొచ్చింది, మిగిలిన ఆరు స్ప్రింగులూ తన దగ్గరే ఉన్నాయని. పై అరలో బిస్కెట్ల డబ్బా. ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు తెచ్చి పెట్టుకున్నవి, ఒక్కసారీ తెరవలేదు. స్టూలెక్కి దింపాడు. మూత తుప్పు పట్టి ఊడిరాలేదు, స్క్రూడ్రైవరుతో పెకలించాడు.

మూడు కుడివీ మూడు ఎడమవీ ఉండాలి. ఒక్కొక్కటే వెలుతురులో పెట్టి రెండు కుప్పలు చేశాడు. కుడివి రెండు. ఎడమవి నాలుగు.

మళ్ళీ లెక్కపెట్టాడు. స్టూలు మీద కూర్చుండిపోయాడు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, రుజువు తన నెత్తి మీది అరలోనే ఇరవై ఆరేళ్ళు కూర్చుంది. ఏడుపొచ్చింది. ఏడిచాడు కూడా, దాచడమెందుకు. చూసేందుకు గోడ మీది పదకొండు తప్ప ఎవరున్నారు?

కుడిదొకటి పక్కన పెట్టి, డబ్బాలోంచి ఎడమదొకటి తీసి వేశాడు. పావుగంట పని. స్క్రూలు బిగించి, గీతలు నిలువుగా తిప్పబోయి ఆగాడు. అడ్డంగానే ఉంచాడు.

బుధవారమంతా కొట్టు తియ్యకుండా మంచం మీద దొర్లాడు. వెళ్తే మొహం మీద తలుపేస్తాడేమో. వెయ్యనీ. వెళ్ళకముందే వాడు పోతేనో? ఆ ఆలోచన రాగానే లేచి కూర్చున్నాడు.

గురువారం దుప్పట్లో చుట్టిన తుపాకీతో బస్సెక్కాడు. "ఏంటి తాతా అది?" అన్నాడు కండక్టరు. "కర్టెన్ రాడ్డు," అన్నాడు మేస్త్రి. "ఇంత బరువా?" "మా కిటికీలు పెద్దవి నాయనా."

తలుపు తీసే ఉంది. వెనక వరండాలో మంచం మీద కర్ర మేస్త్రి ఉన్నాడు. సగమైపోయాడు. ముక్కు మాత్రం అలాగే ఉంది.

"విప్పావా?" అన్నాడు, రమ్మనీ కూర్చోమనీ లేకుండా.

"విప్పాను బావా." మేస్త్రి నిలబడే ఉన్నాడు. "రెండూ కుడివే. తప్పు నాది."

"తెలుసు. ఆ రోజు ఇంటికెళ్ళగానే విప్పి చూశాను."

"మరి చెప్పలేదేం? యజమానికి చూపిస్తే నీ పని నీకుండేదిగా!"

"నీది పోయేది." కర్ర మేస్త్రి ఎడమ చేత్తో దుప్పటి సర్దుకున్నాడు. "మొదటి ఏడాది నీ మీద జాలితో చెప్పలేదు. తర్వాత పాతికేళ్ళూ కోపంతో చెప్పలేదు. నువ్వే వస్తావనుకున్నా బావా. ఎప్పటికైనా మిగిలిన స్ప్రింగులు తీసి చూసుకుంటాడు, వస్తాడు అనుకున్నా. నువ్వా, ఆడలేక మద్దెల ఓడన్నవాడివి, మద్దెల వైపే చూడకుండా కూర్చున్నావు."

మేస్త్రి తల వంచుకుని దుప్పటి ముడి విప్పుతూ ఉండిపోయాడు.

"ఆ పుస్తకంలో ఇంకా బొమ్మలు గీస్తున్నావా?"

"గీస్తున్నా."

"ఎవరికి చూపిస్తున్నావు?"

"ఎవరికీ లేదు."

మేస్త్రి పెరట్లోకి చూశాడు. గోడవార ఇసుక బస్తా ఉంది. దాని మీద సీసా మూత ఒకటి పెట్టి ఉంది. కూతురిచేత ఎప్పుడు పెట్టించాడో!

"కొట్టు," అన్నాడు కర్ర మేస్త్రి. "నాకు చెయ్యి లేవదు. చూస్తా."

మేస్త్రి బ్యారెల్ వంచాడు. గుండు పెట్టి మూశాడు, 'టక్'. భుజానికి ఆనించి లాగాడు. పొట్టి చప్పుడొకటి వచ్చింది. మూత ఎగిరి గోడకి తగిలింది. తుపాకీ చేతిలో ఏ పక్కకీ తిరగలేదు.

ఇరవై ఆరేళ్ళ నాటి ఆలోచన, అనుకున్నట్టే పనిచేసింది.

"కర్ర ఎలా ఉంది?" అని అడిగాడు కర్ర మేస్త్రి.

"తిన్నగా ఉంది."

"గట్టిగా చెప్పు. మా అమ్మాయికి వినపడాలి. చిన్నప్పట్నుంచీ బళ్ళో, వీధిలో, వంకర కర్ర కూతురా అనిపించుకుంది పిల్ల."

మేస్త్రి ఇంటి లోపలికి తిరిగి, ఉన్న ఊపిరంతా పెట్టి అరిచాడు. "కర్ర తిన్నగానే ఉందమ్మా! అప్పుడూ తిన్నగానే ఉంది! తప్పు నా స్ప్రింగుది! నాది!"

లోపలి నుంచి ఏ జవాబూ రాలేదు. వంటింట్లో కుళాయి చుక్క చుక్కగా కారుతోంది.

"అది ఇంట్లో లేదు," అన్నాడు కర్ర మేస్త్రి. "షిఫ్టుకి వెళ్ళింది. ఆరింటికొస్తుంది."

మేస్త్రి తుపాకీ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. గోడ గడియారంలో పదకొండున్నర.

"వచ్చాక మళ్ళీ చెప్పాలి," అన్నాడు కర్ర మేస్త్రి. ఎడమ చేత్తో మంచం పక్క కుర్చీని కొంచెం ఇవతలికి లాగాడు. "అందాకా కూర్చో."