డబ్బాలో మట్టి, చేలో నీళ్లు

2023 వేసవి. మార్కాపురంలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్నాను. ఒక మధ్యాహ్నం త్రిపురాంతకం దగ్గరి బత్తాయి రైతు సుబ్బయ్య స్టాఫ్ రూమ్‌కు వచ్చాడు. తోటలో బోరు ఎండిపోయింది. చేతిలో ఉన్న డబ్బు ఇంకో బోరుకైనా సరిపోతుంది, వానల దాకా ట్యాంకర్లకైనా సరిపోతుంది. రెంటికీ చాలదు.

"గిద్దలూరులో ఒకాయన ఉండాడు సారూ. మా చేలో మట్టి డబ్బాలో పోసుకొని పోయినాడు. కింద నీళ్లు కదిల్తే ఆడ డబ్బాలో మట్టికి ఆ క్షణానే తెలుస్తాదంట. చోటు గూడా చెప్పినాడు. క్వాంటం అంట. మీ సబ్జెక్టేనంట గదా?"

ఒళ్లు మండిపోయింది. అరచేతిలో టెంకాయ పెట్టుకొని చేలో నడవడం, అది లేచి నిలబడ్డ చోట బోరు వేయడం మా వైపు మామూలే. ఇన్నేళ్లూ ఆ టెంకాయతోనే వేగలేక చస్తుంటే, ఇప్పుడు నా సబ్జెక్టునే నా నెత్తికి తెచ్చారు.

ఎంటాంగిల్‌మెంట్ అంటే రెండు కణాల మధ్య ముడి. ఎంత దూరాన ఉన్నా వాటి ఫలితాలకు పొంతన ఉంటుంది. కానీ ఆ ముడి తనంతట తాను కబురు మోయదు. ఏ కబురూ కాంతి కంటే వేగంగా పోదు. పదార్థం లోపలైతే ఒక అణువు నుంచి పక్క అణువుకు అందుకుంటూ ఇంకా నిదానంగా పోతుంది. ఇదంతా చెప్పి, బయటికి తీసుకెళ్లి, ప్రహరీ పక్కన పడి ఉన్న రాతి పలకల ముక్కలు వరసగా నిలబెట్టి మొదటిదాన్ని తోశాను. ఒకదాన్నొకటి పడేసుకుంటూ పోయాయి.

"కన్ను మూసి తెరిచేలోపల పడె. ఆ మాత్రం స్పీడు చాల్దా సారూ?"

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. మళ్లీ నిలబెట్టి, మధ్యలో రెండు ముక్కలు తీసేశాను. "ఇప్పుడు తొయ్యన్నా." తోశాడు. ఖాళీ దగ్గర ఆగిపోయాయి.

"ఆయన తవ్వి తీసుకుపోయిన మట్టీ అంతే. దానికీ చేనుకూ తెగిపోయింది."

ఆ ఖాళీలో వేలు పెట్టి చూశాడు. "అయితే బోరు ఏడ ఎయ్యమంటారు?"

"నాకేం తెలుసన్నా?"

"ఆయన చెప్పినాడు గదా సారూ."

గొణుక్కుంటూ వెళ్లాడు. అయినా బోరు వేయలేదు, ట్యాంకర్లు తోలించాడు. సగం తోట దక్కింది. ఆ మాట తెలిసి నేను పొంగిపోయాను.

వానలు పడ్డాక బస్టాండులో భార్యతో కనిపించాడు. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"మీరేనా ఆ సారు? ఆ గిద్దలూరాయన చెప్పిన కాడ బోరు ఏసుంటే మిగతా సగం గూడా బతికేది."

"అక్కడ నీళ్లు లేవమ్మా" అనబోయి ఆగాను. ఉన్నాయో లేవో నాకు మాత్రం ఏం తెలుసు? డబ్బాలోకి కబురు రాదని చూపించాను, అంతే. ఇంక ఎన్ని పలకలు నిలబెట్టి పడేసినా లాభం లేదు. తవ్వని ఆ చోట ఆమెకు ఎప్పటికీ నీళ్లుంటాయి.