కలకండ పెట్టి పిలిచినందుకు

ఆమధ్య ఒక శుక్రవారం మా ఇంట్లో జరిగిన పెళ్లి సంగతి మీ చెవిదాకా వచ్చే ఉంటుంది. నెల్లూరు బస్సులో కూడా చెప్పుకుంటా పోతుండారంట! అమ్మా, అది పెళ్లి కాదు. అసలు ఏం జరిగిందో నా నోటితోనే వినండి. విని మీరు నవ్వుకోండి. నేను మాత్రం ఇంకా తల ఎత్తలేకుండా ఉండాను.

మాది దూదేకే ఇల్లు. పరుపులు కుట్టుకుని బతికేవాళ్లం. మా ఆయన పోయి చాలా కాలమయింది. ఇంట్లో నేను, కొడుకు ఖాదరు, కోడలు జైనబు. ఖాదరు ఈమధ్య జమాతులో చేరినాడు. మొగవాళ్లు జట్టుగా ఊరూరా తిరుగుతారు. నమాజు మరిచిపోయినవాళ్లకు గుర్తుచేస్తారు, మన దీన్, అదే మన మతం, ఏం చెబుతుందో వినాలనుకున్నవాళ్లకు చెబుతారు. ఒకరోజు అన్నం తింటా అన్నాడు:

"అమ్మా, శుక్రవారం నెల్లూరు నుంచి మా జమాతు పెద్దాయన కాలువ పడవలో వస్తుండాడు. ఆడవాళ్లకూ నాలుగు మంచి మాటలు చెబుతాడంట. మీరు కూడా ఒక జట్టు కట్టి, వీధి వీధీ తిరిగి పిలవండి. పిలవడం వరకే మన పని, రావడం మానడం వాళ్ల మనసు."

"నాకేం తెలుసురా నాయనా?"

"చదవడం వచ్చు గదా! ముందు నువ్వు ఒక కాగితం చదువు. తర్వాత ఆయన మాట్లాడతాడు."

ఆ మాటకు పడిపోయినాను. నా చదువేం చదువు! జుట్టు నెరిశాక కోడలు బూడిద పరిచి, వేలు పట్టి దిద్దించిన అక్షరాలు. ఇంతవరకూ నా చదువు విన్నది జైనబు, ఇంట్లో మేక. నలుగురి ముందు గొంతెత్తి చదవాలని నాకెంత ఆశో ఆ అల్లాకే తెలుసు. ఖాదరు చెబుతుంటే కాగితం నేనే రాసుకున్నాను. బావి దగ్గరా, పొయ్యి దగ్గరా అదే చదువు!

జట్టు కట్టినాం. నేను, పక్కింటి హుసేనమ్మ, ఇంకా మా వీధి ముసలోళ్లు. బయల్దేరబోతుంటే హుసేనమ్మ అడ్డం పడింది.

"ఒట్టి చేతుల్తో పరాయి వాకిళ్లు తొక్కుతామా వదినా? పైగా ఆ ముతక చీరేంది? మనం పోయేది ఎవరి పని మీద!"

నిజమే గదా అనిపించింది. పెట్టె అడుగునుంచి జరీ చీర తీసి కట్టినాను. పళ్లెంలో కలకండ, తమలపాకులు పెట్టినాం. మా వైపు పళ్లెం పట్టుకుపోయి, నోట్లో కలకండ పెట్టి, 'ఇంటిల్లిపాదీ రండి' అంటే అది పెళ్లి పిలుపు. పుట్టినప్పటినుంచి చూస్తున్న సంగతే. అంతమంది ముసలోళ్లలో ఒక్కరికైనా గుర్తు రావద్దా!

ముందుగా చేపలు పట్టేవాళ్ల పల్లెకు పోయినాం. మా వీధికి చేపలు తెచ్చే పోలమ్మ ఇల్లు. ఏం చెప్పాలో దారంతా అనుకుంటా పోయినాను. వాకిట్లో నిలబడేసరికి అదంతా మరిచిపోయినాను. పోలమ్మ నోట్లో కలకండ పెట్టి తల వంచుకున్నాను.

"శుక్రవారం మా ఇంటికి రావాల పోలమ్మా, ఇంటిల్లిపాదీ. నెల్లూరు నుంచి ఒక పెద్దాయన వస్తుండాడు."

"ఎవరత్తా ఆయన?"

"అదీ... వచ్చినాక నీకే తెలుస్తుందిలే."

సిగ్గుతో అంతకుమించి మాట రాలేదు. పోలమ్మ నా చీర చూసింది, పళ్లెం చూసింది, నా మొహం చూసింది. "మంచిపనే అత్తా! ఎన్నాళ్లని ఒంటిగా ఉంటావు!" అనింది. దేవుడి మాట తోడుంటే ఒంటితనం ఎక్కడిది, ఎంత బాగా అర్థం చేసుకునిందో అని మురిసిపోయి, "అవునమ్మా" అన్నాను. అవునన్నాను! ఈ నోటితోనే!

శుక్రవారం జనం చూడాల. పల్లెంతా కదిలొచ్చింది. రెడ్లవీధి ఆడవాళ్లు మొలగొలుకుల బియ్యం తెచ్చినారు. పోలమ్మ గంపెడు వంజరం చేపలు దించింది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. "చూడరా ఖాదరూ, మీ అమ్మ పిలిస్తే ఎంతమంది వచ్చినారో!" జైనబు మాత్రం టీ గిన్నె వంక చూసి బిక్కమొహం వేసింది.

అంతలో వంటింట్లో గుసగుస. "పొయ్యే రాజెయ్యలేదేందిమే?" "పాపం, లేనివాళ్లు. ఊరుకో, పరువు మనం నిలబెడదాం." చూస్తుండగానే సర్వి పుల్లలు అంటించేసినారు. చేపల పులుసులో మామిడికాయ పడింది.

"అమ్మా, ఇది తిండి పని కాదు, నా మాట వినండి..."

"నువ్వు కూర్చోత్తా! ఈపొద్దు నువ్వు పని ముట్టకూడదు!"

పోలమ్మ నన్ను పీట మీద కూలేసి నా నెరిసిన ముడిలో మల్లెపూలు తురిమింది. నాకెందుకే పూలు అనే లోపల వసారాలో అలికిడి. పెద్దాయన వచ్చినాడు. ఆడవాళ్లకూ ఆయనకూ మధ్య పరుపు గుడ్డ తెర కట్టి ఉంచినాం. తెరకు అటు ఆయన, ఇటు నేను, చేతిలో కాగితం. మొదటి అక్షరం మీద వేలు పెట్టినాను.

"ఏమ్మా, మొదలుపెడదామా?" అన్నాడాయన అవతలినుంచి.

"పెట్టండి సామీ!" అని ఇల్లంతా ఒక్క గొంతుతో అరిచింది. పసుపు బియ్యం! నా తల మీద కొన్ని, తెర మీదుగా ఎగిరి ఆయన గడ్డంలో కొన్ని.

"నూరేళ్లు చల్లగా ఉండత్తా!" అని పోలమ్మ నన్ను వాటేసుకునింది. అప్పుడు తెలిసిందమ్మా నాకు. భూమి చీలితే దిగిపోదునే! అక్షరాలన్నీ కాగితం మీద చేపపిల్లల్లా ఈదినాయి. ఒక్కటి చేతికి చిక్కితే ఒట్టు.

"తౌబా తౌబా!" అనుకుంటా, మనవళ్లను ఎత్తిన ఆ మనిషి గడ్డం దులుపుకుని సక్కా పడవ దగ్గరికి నడిచినాడు. టీ కూడా తాగలేదు. "పెళ్లికొడుకు అలిగినాడమ్మా! అలక తీరితే ఆయనే వస్తాడు, ముందు విస్తళ్లు వెయ్యండి" అన్నారు జనం. కడుపునిండా తిన్నారు. ఖాదరు మాత్రం మెతుకు ముట్టలేదు.

"అమ్మా, ఇంక నువ్వు ఎవర్నీ దేనికీ పిలవొద్దు" అన్నాడు. కోప్పడి ఉన్నా బాగుండేది. మెల్లగా అన్నాడు.

అందరూ పోయినాక పోలమ్మ, నేను బావి దగ్గర గిన్నెలు తోముతా కూర్చున్నాం. జరిగిందంతా చెప్పినాను. "మరి ఎందుకు పిలిచినావత్తా?" అనింది. ఒక్క మనిషైనా వింటే చాలని, పులుసు మరకల కాగితం రొంటినుంచి తీసి, కూడబలుక్కుంటా మొత్తం చదివినాను. మనల్ని పుట్టించినవాడి దయ సముద్రం కంటే పెద్దదనీ, ఆ తలుపు ఎవరికీ మూయరనీ, వచ్చినవాళ్లను ఏనాడూ వెళ్లగొట్టరనీ.

పోలమ్మ గిన్నె పక్కనపెట్టి కళ్లు తుడుచుకునింది. ఇన్నాళ్లకు నా చదువు ఒకరి గుండెకు తగిలిందని పొంగిపోయినాను.

"ఎంత బాగుండాయత్తా!" అనింది. "ఇంత మంచి మాటలు రాసిచ్చిన ముసలాయన్ని ఊరికే పంపించేసినావే!"

ఊరిని అల్లా ఇంటికి పిలుద్దామని నేను బయల్దేరితే, ఊరు నన్ను అత్తారింటికి సాగనంపబోయింది. ఇప్పటికీ పడవ వచ్చిన ప్రతిసారీ పోలమ్మ కాలువ గట్టు మీదికి పోయి, ఆయన దిగినాడేమోనని చూసొస్తుండాది.