గరిటె పిన్ని, తెగిన ఎర్త్ తీగ

గరిటె పిన్ని సౌండ్ మిక్సర్ మీద చెవి ఆనించిందంటే, లోపలి కరెంటు పొద్దున ఏం తిని బయలుదేరిందో కూడా చెప్పేస్తుంది. సరే, అలా చూడకండి, సగం వెనక్కి తీసుకుంటాను. చెవి ఆనించదు. మూత విప్పి, చెక్క గరిటె కాడతో లోపలి సర్క్యూట్ పలకల్ని ఒక్కొక్కటే తడుతుంది. ఎక్కడ తడితే రొద ఎక్కిళ్ళు పెడుతుందో, రోగం అక్కడ. ఆ పేరు అలా వచ్చిందే తప్ప, వంటకీ ఆమెకీ చుక్కెదురు.

నాటకాల హాల్లో మైకులన్నిటినీ కలిపే ఆ పాత మిక్సర్‌ని ఇరవై రెండేళ్ళుగా ఆమే బాగుచేస్తోంది. ఒకరోజు దానికి తుమ్మెద రొద పట్టుకుంది. సాయంత్రం నాటకంలోగా అది ఆగకపోతే మిక్సర్ పాతసామాన్ల బండి ఎక్కుతుందనీ, కొత్తదాన్ని కంపెనీవాళ్ళే చూసుకుంటారనీ మేనేజరు కబురు పెట్టాడు. అంటే మిక్సర్‌తో పాటు పిన్ని పనీ బండెక్కినట్టే.

ఆమె వెళ్ళేసరికి రొద లేదు. కంపెనీ ఇంజినీరు చేతులు దులుపుకుంటున్నాడు. అరగంటలో తేల్చేశాడని మేనేజరు మురిసిపోతున్నాడు. పిన్ని వేళ్ళ వెనకవైపు మిక్సర్ రేకుకి తాకించింది. జివ్వుమంది. ప్లగ్గు విప్పి చూస్తే, షాకు కొట్టకుండా కాపాడే ఎర్త్ తీగ శుభ్రంగా కత్తిరించి ఉంది.

ఆమె దాన్ని మళ్ళీ బిగించింది. రొద మళ్ళీ మొదలైంది.

“పోయిన రోగాన్ని పిలుచుకొచ్చారేంటి పిన్నిగారూ?” అన్నాడు మేనేజరు తల పట్టుకుని.

“పోలేదు బాబూ. రోగి నోరు నొక్కారంతే. రేపు లోపలి తీగేదైనా ఊడి రేకుకి తగిలితే, మైకు పట్టుకున్నవాడి నోరూ పడిపోతుంది.”

అందరూ ఇలాగే చేస్తారని ఇంజినీరు గొణిగాడు.

“అయితే అందరిదీ తప్పే నాయనా.”

పిన్ని కుర్చీ లాక్కుని ప్లగ్గుకి అడ్డంగా కూర్చుంది. తన పని పోతే పోనీ, ఈ హాల్లో ఆ తీగ మాత్రం మళ్ళీ తెగదంది. గడ్డపారతో పెకలించినా లేచేలా లేదు. కూర్చున్నచోటి నుంచే చెయ్యి చాచి మైకుల మీటలన్నీ కిందికి దించింది. రొద తగ్గలేదు. అంటే తప్పు ఏ మైకుదీ కాదు, అన్నిటికీ కరెంటు పంచేచోట ఉంది. మూత విప్పింది. గరిటె అక్కడికి చేరింది. టక్. టక్. ఆ పలక మీద మూడో పిన్ను దగ్గర రొద ఎక్కిళ్ళు పెట్టింది. భూతద్దంలో చూస్తే టంకం చుట్టూ వెంట్రుకంత పగులు. స్విచ్చు ఆపి, పాత టంకం కరిగించి తీసేసి, కొత్తది పెట్టింది.

మళ్ళీ స్విచ్చు వేసి మీటలు పైకి జరిపితే ఎంత నిశ్శబ్దమంటే, ఈగ నడక స్పీకర్లలో వినిపించింది. పోనీ, ఈగ కాదు, మేనేజరు గుటక. పాతసామాన్ల బండి ఖాళీగా వెళ్ళిపోయింది. ఇంజినీరు మాత్రం భూతద్దం అడిగి తీసుకుని, ఆ పగులు ఉన్నచోటు చూశాడట.

ఇదంతా రాసి పిన్నికి చదివి వినిపిస్తే, చివరిదాకా విని కళ్ళజోడు తీసింది.

“అంతా అబద్ధం. రొదా? నా మిక్సర్‌కా? ఏనాడూ రాలేదు.”