జెర్రిపోతు గుడ్లు తిప్పిన పూట

మా అక్క జెర్రిపోతు గుడ్లన్నిటినీ తిరగేసిన పూట నేను ఒంగోలులో ఉన్నాను. సాయంత్రం ప్రత్తిపాడు దగ్గరి మా ఊళ్లో బస్సు దిగి ఇంటికొచ్చేసరికి, మిర్చి బస్తాల గదిలో పాముల మాస్టారు నెత్తిన చెయ్యి పెట్టుకుని నిలబడి ఉన్నారు.

"కోడిగుడ్లు కాదమ్మా ఇవి. లోపల పిల్ల పైపొరకు అంటుకుని పెరుగుద్ది. తిప్పితే చచ్చిపోద్ది" అన్నారాయన.

"మరి గీతలెందుకు పెట్టారండీ?" అంది అక్క.

ఆయన హైస్కూల్లో సైన్సు చెబుతారు. ఇళ్లలో దూరిన పాముల్ని అటవీ శాఖ అనుమతితో పట్టి వదిలేస్తుంటారు. రోహిణి ఎండల్లో మా పొయ్యి కోసం పత్తికట్టె వామి లాగుతుంటే ఈ గుడ్లు బయటపడ్డాయి. పిల్లలయ్యేదాకా చూడమని శాఖవాళ్లు ఆయనకే అప్పగించారు. ఆయన అద్దింటి ఓనరు ఒప్పుకోక, ప్లాస్టిక్ డబ్బాలో తడి కొబ్బరిపొట్టు పోసి మా గదిలోనే పెట్టారు. ప్రతి గుడ్డుకూ పైన పెన్సిల్ గీత గీశారు, ఆ పక్క ఎప్పుడూ పైకే ఉండాలని. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పాము గుడ్లను ఎవరు ముట్టుకుంటారులే అనుకున్నారు.

అక్క ముట్టుకుంటుంది. వీధిలో ఎవరి కోడిని పొదగేయాలన్నా ఆమెనే పిలుస్తారు. ఆమె దగ్గర గుడ్లు పొదిగే చిన్న మిషను కూడా ఉంది. అందులోని గుడ్లకు ఒక పక్క గీత పెట్టి పూటకోసారి తిప్పుతుంది. గీత కనబడితే తిప్పాలన్నదే ఆమెకు తెలిసిన లెక్క. ఆమె చేతిలో గుడ్లు మురిగాయన్న మాట ఊళ్లో ఎప్పుడూ పుట్టలేదు. ఇప్పుడు పుడుతుందేమోనని దిగులు పట్టుకుంది.

"ఎప్పుడు తిప్పారు?"

"ఇందాకేనండీ, టీ తాగి."

మాస్టారు ఒక్కోదాన్నీ మెల్లగా గీత పైకొచ్చేలా సర్దారు. అప్పట్నించి బావకు పండగే.

"ఏమే, నీ కోడిపిల్లలయ్యాయా?"

"అవనీయండి, మీ మంచం మీదే వదుల్తా."

ఆషాఢంలో ముసురు పట్టిన పొద్దున అక్క కేక పెట్టింది. "ఒరేయ్, ముక్కు బయటపెట్టిందిరా!" బ్లేడుతో కోసినట్టున్న చీలికలోంచి చిన్న మూతి ఊరంతా తనదే అన్నట్టు చూస్తోంది. మధ్యాహ్నానికి డబ్బా నిండా బూడిదరంగు చారల పిల్లలు. బావ మంచం వరండాలోకి మార్చుకున్నాడు. అక్క వీధి మొత్తాన్ని పిలిచి చూపించింది.

"ఎలుకల కోసం ఒకదాన్ని ఈ గదిలో వదలండి మాస్టారూ."

"రూలు ఒప్పుకోదమ్మా" అంటూ ఆయన వాటిని గుడ్డసంచిలో వేసుకుని, శాఖవాళ్లతో వెళ్లి వాగుగట్టున వదిలొచ్చారు.

నాలుగు గుడ్లు మాత్రం పగలలేదు. మాస్టారు కోసి చూస్తే పచ్చటి నీళ్లు తప్ప ఏమీ లేవు.

"తల్లి పెట్టడమే తాలు గుడ్లు పెట్టింది" అంది అక్క.

"అయ్యుండొచ్చమ్మా" అన్నారాయన.

అవి మొదట్నించీ తాలువో, ఆ పూట తిప్పడం వల్ల పోయినవో ఇప్పటికీ తేలలేదు.