అల్లం రుచి మరిగిన పందులు

మందు పనిచేయక చెడ్డపేరు తెచ్చుకున్న వైద్యులు చాలామంది ఉంటారు. మందు మరీ బాగా పనిచేసి, ఊళ్లో ముఖం చెల్లకుండా తిరిగినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. ఒక అల్లం తోట నా తెలివికి ఎలా బలైందో చెబుతాను. మీరు నవ్వుకున్నా నాకేం అభ్యంతరం లేదు.

ఎనభైల మొదట్లో జహీరాబాద్ దగ్గర ఒక ఊరి పశువుల దవాఖానలో కాంపౌండర్‌గా చేరాను. మీసం ఇంకా సరిగా రాలేదు గానీ, నాకు తెలియనిది లేదన్న నమ్మకం మాత్రం నిండుగా ఉండేది. ఒకరోజు లచ్చమ్మ వచ్చింది. ఊరి చివర పందులు పెంచుకుని బతికే మనిషి. పాలు మానిన పందిపిల్లలకు పారుడు పట్టి ఒకటే విరేచనాలట, రెండు అప్పటికే చచ్చిపోయాయట.

"ఇంక ఎనిమిదున్నయి సారూ. అవి గూడ పోతే నేనెట్ల బతకాలె?" అంది.

దవాఖానలో బిళ్లలు అయిపోయాయి. జామాకు, వాము, అల్లం దంచి తవుడులో కలిపి పెట్టమన్నాను. అంతవరకు బాగానే ఉంది. పిల్లలు మాత్రం వాసన చూసి మూతి తిప్పుకున్నాయి. అప్పుడు పనిచేసింది చూడండి నా బుర్ర. పందికి మట్టి తవ్వడమంటే ప్రాణం. అందుకని అల్లం ముక్కలకు బెల్లం పూసి, జామాకు పొడి అద్ది, దొడ్డిలో వరసగా పాతిపెట్టాను. వరసలెందుకని లచ్చమ్మ అడిగితే, ఏ పనైనా పద్ధతిగా ఉండాలని ఒక ఉపన్యాసం కూడా ఇచ్చాను.

పిల్లలు తవ్వుకుని మరీ తిన్నాయి. నాలుగు రోజుల్లో పారుడు కట్టింది. నేను ఛాతీ విరుచుకుని, పేగులు గట్టిపడాలి కాబట్టి ఇంకో వారం పాతమని చెప్పాను.

వారం తిరిగిన పొద్దున దొడ్డి తడిక పడిపోయింది. ఆ పక్కనే నాగప్ప పటేల్ అల్లం తోట, అప్పుడే మొలకలొస్తున్న మడులు. ఎనిమిదీ వరస తప్పకుండా తవ్వుకుంటూ పోయాయి. పటేల్ వాటిని బందెలదొడ్డిలో పెట్టించి, ఈ ఊళ్లో ఇక పందులే ఉండొద్దన్నాడు. లచ్చమ్మ ఆ గేటు ముందు కూర్చుని ఏడుస్తోంది. నా పేరు మాత్రం ఎవరికీ చెప్పలేదు. నాకు సిగ్గేసింది.

"తప్పు నాది పటేలా. అల్లం తవ్వుడు వాటికి నేనే నేర్పిన," అన్నాను.

పటేల్ నన్ను పైనుంచి కిందికి చూశాడు. "పందులకు బడి పెట్టిన్రా సారూ? గట్లయితే మీరే వచ్చి మళ్ల నాటున్రి," అన్నాడు. నవ్వు ఆపుకోలేక పందులను విడిపించాడు.

ఆ రోజంతా నడుము వంచి, పందులు మిగిల్చిన ముక్కలు ఏరి నాటాను. పక్క సాలులో నాటుతున్న లచ్చమ్మ ఓదార్పుగా అంది: "మీ దవా మంచిదే సారూ. మీకు తక్లీఫ్ ఎందుకని అవే తెచ్చుకున్నయి."

సాయంత్రం, నడుము నిటారు కాకముందే, తోట గట్టునున్న జామచెట్టు మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీదట పందికి చెట్టు మీది ఆకే తప్ప నేలలోని దుంపను మందుగా ఇవ్వను. ఈనాటికీ ఆ మాట తప్పలేదు. ఏ పందీ జామచెట్టు ఎక్కినట్టు ఇంతవరకు కబురు కూడా రాలేదు.