సొరుగులో పావుకాగితం

ఆ రోజు నా సొరుగు తెరిచినప్పుడు, లోపలున్న పుస్తకాన్ని ఆమె తిరగేసిందా, లేదా?

ఉద్యోగంలోంచి దిగిపోయి పద్దెనిమిదేళ్ళయింది. అప్పటి ఫైళ్ళ నంబర్లు, అధికారుల ముఖాలు చాలావరకు చెరిగిపోయాయి. చదివిన పుస్తకాల్లో సగం పేర్లే గుర్తులేవు. ఈ ప్రశ్న మాత్రం పొద్దున లేవగానే కళ్ళజోడుతో పాటు చేతికి తగులుతుంది. జవాబు చెప్పగల మనిషి ఈ ఊళ్ళోనే ఉంది. వెళ్ళి అడిగే ముఖం నాకు లేదు.

ఆఫీసంతా ఆమెని పావుకాగితం అనేది. మాది వ్యాపార శాఖ. చిన్న కొట్లు, చిన్న కార్ఖానాలు పెట్టుకునేవాళ్ళకి దారి చూపించడం మా పని. ఏడాదికి రెండు మూడుసార్లు పార్లమెంటు కమిటీ మమ్మల్ని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకునేది. ఏం చేశారు, దేనిమీద ఖర్చుపెట్టారు, దానివల్ల ఎవరికి ఏం ఒరిగిందని నిలదీసేది. జవాబు చెప్పేది మా కార్యదర్శి. ఆయన్ని మేం పెద్దాయన అనేవాళ్ళం. ఆయన వెనక వరసలో మాబోటి సెక్షను అధికారులు, మా వెనక గుమాస్తాలు. విచారణ మొదలయ్యాక వెనకవాళ్ళు లేవకూడదు, గుసగుసలాడకూడదు. గుమాస్తాకి ఏదైనా తోస్తే చీటీ రాసి ముందు వరసకి ఇవ్వాలి. ముందు వరస దాన్ని పెద్దాయనకి అందించాలి.

పెద్దాయనకి ఓ అలవాటుండేది. జవాబు తెలియకపోతే తల తిప్పేవారు కాదు. ఎడమచెయ్యి కుర్చీ పక్కనుంచి వెనక్కి చాపేవారు, అరచెయ్యి పైకి పెట్టి. చూపు సభ్యుల మీదే. "చాలా మంచి ప్రశ్న అడిగారు, ఎప్పటినించో మేము కూడా దీని గురించే..." అంటూ వాక్యాన్ని సాగదీసేవారు. చేతిలో కాగితం పడగానే వాక్యం ముగిసేది.

ఆ చేతికి సరిగ్గా వెనక కుర్చీ నాది. ఇరవై నాలుగేళ్ళు అక్కడే కూర్చున్నాను. ప్రతి విచారణకీ ముప్పై పేజీల నోట్ రాసేవాణ్ణి. శీర్షికలు, ఉపశీర్షికలు, అడుగున వివరణలు. ఒక్క అక్షరం తప్పు పోయేది కాదు. అందుకే నన్ను మాస్టారు అనేవాళ్ళు. ఆ నోట్ పెద్దాయన బల్లమీద చక్కగా ఉండేది, ఆయన మంచినీళ్ళ గ్లాసు కింద.

ఆమె డిస్పాచ్ విభాగం నుంచి మా సెక్షనుకి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. వాడేసిన చిత్తుప్రతుల్ని స్కేలు పెట్టి నాలుగు ముక్కలు చేసి, వెనక తెల్లవైపు పెన్సిలుతో రాసుకునేది. మొదటిసారి విచారణకి వచ్చినప్పుడే, శిక్షణ తరగతులు రెండు చోట్ల ఎందుకు ఆగిపోయాయని ఓ సభ్యుడు అడిగాడు. పెద్దాయన చెయ్యి వెనక్కి వచ్చింది. నేను నా నోట్‌లో పంతొమ్మిదో పేజీ కోసం వెతుకుతున్నాను. భుజం మీద ఏదో తట్టింది. పావుకాగితం. "పైకప్పు కారింది. బాగైంది. సోమవారం నుంచి మళ్ళీ మొదలు." నేనే అందించాను. పెద్దాయన చదివి అదే చెప్పారు. సభ్యుడు నోరు మూసుకున్నాడు.

బయట వరండాలో పెద్దాయన ఆగారు. "ఎవరమ్మా అది రాసింది?"

"నేనేనండి."

"ఇంత చిన్న కాగితం మీదా?"

"పెద్ద కాగితం చదివే తీరిక మీకెక్కడుంటుందండీ!"

ఆయన పగలబడి నవ్వారు. నా చంకలో ముప్పై పేజీలు ఒక్కసారిగా ఇటుకల్లా బరువెక్కాయి.

ఆనాటినుంచి నాకు కళ్ళు కుట్టడం మొదలైంది. ఇంకో మాట పెట్టి మర్యాదగా చెప్పొచ్చు, కానీ ఈ వయసులో ఎవరిని మభ్యపెట్టాలి? ఆమె ఫోనులో నవ్వితే కడుపు మండేది. ఆమె రాని రోజున గదిలో గాలి బాగా ఆడేది. ఆ చెయ్యి వెనక్కి వచ్చినప్పుడల్లా వేళ్ళు కాస్త పక్కకి, నా భుజం మీదుగా ఆమె వైపు వెతుక్కుంటున్నట్టు కనబడేది. నిజంగా అలా వెతికాయో, నా కళ్ళే అలా చూశాయో.

ఇంటికెళ్ళి అంతా చెప్పేవాణ్ణి. ఓసారి మా ఆవిడ మధ్యలోనే ఆపింది. "ఏవండీ, గుమ్మంలో అడుగు పెట్టిన దగ్గర్నుంచీ ఆవిడ జపమే. ఇంతకీ అసూయ పడాల్సింది నేనా, మీరా?"

ఇంకోసారి వంటింటి కత్తెరతో తెల్లకాగితాలు నాలుగేసి ముక్కలు చేస్తుంటే చూసి, "పేకాట మొదలెట్టారా?" అంది. ముప్పై పేజీలు రాసే చేతికి ఆ ముక్కమీద ఒక్క వాక్యం కుదరలేదు. ఆ ముక్కలు నాలుగైదు జేబులో వేసుకుని తిరగడం మాత్రం అలవాటైంది.

పావుకాగితం వాళ్ళక్కకి తాళాల కొట్టు ఉండేది, బస్టాండు వెనక సందులో. ఆఫీసయ్యాక ఈమె అక్కడే కూర్చుని ఆకురాయితో తాళంచెవులు రాకేదని విన్నాను. ఓ సాయంత్రం అవసరం లేకపోయినా మా పెరటి తలుపు తాళంచెవికి నకలు చేయించే నెపంతో వెళ్ళాను. ఆ మనిషి రహస్యమేమిటో చూద్దామని. ఆమె ఇంకా రాలేదు. అక్క నన్ను ఎగాదిగా చూసింది.

"మీరు మాస్టారు కదూ? మా చెల్లి చెప్పిన గుర్తులన్నీ సరిపోయాయి. జేబులో రెండు పెన్నులు, చంకలో పుస్తకం."

"నా గురించి చెబుతుందా?"

"చెప్పకపోవడమేంటండీ! మీ నోట్సులు ఇంటికి తెచ్చుకుని గీతలు గీసుకుని మరీ చదువుతుంది. ఇందులో అన్నీ ఉన్నాయే అక్కా, పెద్దాయన చదవరు గానీ, నేను పిండి ఇస్తున్నానంతే అంటుంది. మీరే దానికి గురువుట."

నా నోట్సులని ఈ భూమ్మీద చదివినవాళ్ళు ఒక్కరే ఉన్నారని, అది ఆమేనని అలా తెలిసింది. మంచివాడైతే ఆ క్షణంలోనే కరిగిపోయేవాడు. నాకు మాత్రం, నా ఇరవై నాలుగేళ్ళు పిండితే వచ్చింది ఓ పావుకాగితమేనా అనిపించింది. ఆ పేరైనా నాది కాదు.

ఆ ఏడాది కమిటీ మా సహాయ కేంద్రాల మీద పడింది. చిన్న వ్యాపారులు వచ్చి సలహాలు అడగడానికి ఊరూరా పెట్టిన గదులవి, నూట పన్నెండు. నెలనెలా వాటినుంచి రిపోర్టులు వచ్చేవి, నేను కూడి నోట్‌లో ఎక్కించేవాణ్ణి. విచారణకి నెల ముందు వాళ్ళక్కని ఓ కేంద్రం వాళ్ళు పిలిచారట, తుప్పుపట్టిన తాళం తియ్యమని. ఎనిమిది నెలలుగా ఎవరూ తియ్యలేదట. అది విన్న దగ్గర్నుంచీ పావుకాగితానికి నిద్ర పట్టలేదు. రోజూ భోజనాల వేళ గదిలో ఫోను ముందు కూర్చుని ఒక్కో కేంద్రానికీ ఫోను చేసేది.

"హలో, సహాయ కేంద్రమేనాండీ?... చెప్పుల గోడౌనా?... ఎప్పట్నుంచండీ?... ఆ, ఆ, వద్దండీ, నాది ఆరో నంబరు, ప్రస్తుతానికి చెప్పులున్నాయి."

గది గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. తరవాత నా బల్ల దగ్గరకి వచ్చింది.

"మాస్టారూ, మీ నోట్‌లో నూట పన్నెండూ పనిచేస్తున్నాయని ఉంది. మార్చాలేమోనండి."

"నెలనెలా సంతకాలతో రిపోర్టులు వస్తున్నాయి తల్లీ. నీ ఫోను ఎత్తకపోతే మూసేసినట్టేనా?"

"కొన్ని చోట్ల ఎత్తారండి. అదే బాధ."

"అన్నీ తేలాక చూద్దాంలే."

పై అధికారిని దాటి పెద్దాయన దగ్గరకి వెళ్ళే మనిషి కాదు. "సరేనండి" అని వెళ్ళి మళ్ళీ ఫోను తిప్పింది. చివరి కేంద్రం విషయం తేలింది విచారణ రోజు పొద్దునే. అప్పటికి మేము కారెక్కుతున్నాం.

ఆ కమిటీలో లెక్కల టీచరుగా చేసి రాజకీయాల్లోకి వచ్చిన ఓ పెద్దావిడ ఉండేది. మాటల్లో కోపం ఉండేది కాదు. "నూట పన్నెండు గదులకి అద్దె కడుతున్నామన్నారు, సంతోషం. ఇవాళ పొద్దున తలుపు తీసినవి ఎన్ని?" అంది.

"చాలా మంచి ప్రశ్న అడిగారు..." చెయ్యి వెనక్కి వచ్చింది.

భుజం మీద తట్టింది. తీసుకున్నాను. "నలభై ఒకటి మూతపడ్డాయి. ఒప్పేసుకోండి."

నోట్ తప్పని తేలిపోతుందన్న భయం ఉంది. కాదనను. కానీ అంతకన్నా లోపల ఇంకోటి ఉంది. ఆ చేతిలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నేను రాసిన ముక్క పడాలి. జేబులోంచి నా పావుకాగితం తీశాను. మూడే అంకెలు వేశాను. 112. అంకెల్లో ఎవరి దస్తూరీ ఎవరు పోలుస్తారు? అది ఆ అరచేతిలో పెట్టాను. వేళ్ళు ముడుచుకున్నాయి. ఆమె చీటీ నా కోటు జేబులోకి వెళ్ళింది.

"నూట పన్నెండూ తెరిచే ఉన్నాయండి" అన్నారు పెద్దాయన. అంత ధీమాగా ఆయన మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. పావుకాగితం మీద ఉన్నది అబద్ధం కాదని ఆయన నమ్మకం. నా వెనక కుర్చీ ఒక్కసారి కిర్రుమంది. నేను తిరిగి చూడలేదు.

పది రోజులకి పెద్దావిడ నుంచి ఉత్తరం వచ్చింది. తమ ప్రాంతంలో రెండు కేంద్రాలకి స్వయంగా వెళ్ళిందట. ఒకచోట చెప్పులు, ఒకచోట కోళ్ళు. పెద్దాయన మళ్ళీ కమిటీ ముందుకెళ్ళి, చెప్పింది తప్పని ఒప్పుకోవాల్సి వచ్చింది. "తన తలుపులు తెరిచి ఉన్నాయో లేదో ఈ శాఖకే తెలియదు" అని కమిటీ నివేదికలో రాసింది.

ఆయన ఎవర్నీ ఏమీ అడగలేదు. చీటీలు దాచుకునే మనిషీ కాదు. తరవాతి విచారణకి వెళ్ళేవాళ్ళ జాబితాలో ఆమె పేరు తన పెన్నుతోనే కొట్టేశారు. ఆ కాగితం నా చేతికిస్తూ, "ఆ పిల్లని మరీ గుడ్డిగా నమ్మాను మాస్టారూ. తప్పు నాది" అన్నారు.

చెప్పాల్సింది అప్పుడే. "పొరపాటు ఎవరికైనా జరుగుతుందండి" అన్నాను. ఆమె తరఫున ఎంత పెద్దమనసుతో మాట్లాడానో చూడండి.

ఆమె కూడా ఎవర్నీ అడగలేదు. ఓ మధ్యాహ్నం కాగితాలు కోస్తూ కోస్తూ స్కేలు పక్కన పెట్టి, "ఒప్పుకుంటారనుకున్నానండి. నా కళ్ళముందే కాగితం చేతిలోకి వెళ్ళింది. చదివి కూడా అలా చెప్పారంటే..." అని ఆగిపోయింది.

"పెద్దవాళ్ళ ఆలోచనలు వేరమ్మా" అన్నాను.

అలా ఒకరినొకరు అబద్ధాలకోరులనుకున్నారు ఇద్దరూ. మధ్యలో నేనున్నాను, ఇద్దరికీ ఓదార్పు చెబుతూ. ఆమె చీటీని చదువుతున్న పుస్తకంలో పెట్టి, పుస్తకాన్ని సొరుగులో పెట్టి తాళం వేశాను. చింపెయ్యలేకపోయాను. ఎందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. అక్షరం బాగుండేది.

తరవాతి విచారణలో చెయ్యి వెనక్కి వచ్చింది. పక్కకి వెతుక్కోలేదు, సూటిగా నా వైపే వచ్చింది. జేబులో ముక్కలున్నాయి, పెన్ను ఉంది. రాయడానికి ఏమీ లేదు. వాక్యం సాగి సాగి, చివరికి ఆయనే చెయ్యి ముందుకి తీసుకున్నారు.

నాలుగు నెలలకి ఆమె ఉద్యోగం మానేస్తున్నానంది. అక్కకి కళ్ళు ఆనడం లేదట, కొట్టు తను చూసుకుంటుందట. అందరూ నమ్మారు, నేను తప్ప.

చివరిరోజు మధ్యాహ్నం నేను నా సొరుగుతో కుస్తీ పడుతున్నాను. తాళంచెవి లోపల బిగుసుకుపోయింది. ఆమె వెళ్ళిపోయేలోగా చీటీ తీసి ఆమె చేతిలో పెట్టెయ్యాలని అనుకున్నానో, చింపెయ్యాలని అనుకున్నానో నాకే తెలియదు.

"జరగండి మాస్టారూ. తాళాన్ని బతిమాలుకోవాలి గానీ బెదిరిస్తే వస్తుందా?" సంచీలోంచి గుడ్డలో చుట్టిన పనిముట్లు తీసింది.

"వద్దులేమ్మా, నీ చివరిరోజు..."

"మీకు చేసిపెట్టేది ఇదొక్కటేగా. గురుదక్షిణ అనుకోండి."

అప్పుడే ఫోను మోగింది. పెద్దాయన పిలుస్తున్నారు.

"మీరు వెళ్ళిరండి. మీరొచ్చేసరికి తీసి ఉంచుతా."

వెళ్ళక తప్పలేదు. ఆయన తరవాతి విచారణ గురించి ఏదో చెప్పారు. పావుగంటో, ఇరవై నిమిషాలో. నా చూపంతా ఆయన గోడమీద గడియారం మీదే.

తిరిగొచ్చేసరికి నా బల్ల దగ్గర ఎవరూ లేరు. సొరుగు మూసి ఉంది, తాళంచెవి దానికే ఉంది. ఒక్క వేలితో లాగితే వెన్నలా జారింది. పుస్తకం ఉంది. చీటీ పుస్తకంలోనే ఉంది, మడత లేకుండా పరిచి ఉంది. నేను మడిచి పెట్టానా, పరిచి పెట్టానా? ఎంత గింజుకున్నా గుర్తురాలేదు.

"మా పావుకాగితం ఏదీ?" అని టైపిస్టుని అడిగాను.

"ఇప్పుడేగా వెళ్ళింది. ఒక్కొక్కరి దగ్గరకీ వచ్చి మరీ చెప్పింది. ఊడ్చే ముసలమ్మకి కూడా. మీకు చెప్పలేదా?"

కిటికీ దగ్గరకి వెళ్ళాను. సంచీ భుజానికి తగిలించుకుని ఆమె గేటు దాటుతోంది. గేటు దగ్గర కాపలావాడితో ఏదో అంది, అతను నవ్వాడు. మా కిటికీ సరిగ్గా గేటుకి ఎదురుగానే ఉంటుంది. తలెత్తితే కనబడతాను. రోడ్డు దాటడానికి అటూ ఇటూ చూసుకుంది, ఓ బస్సుని పోనిచ్చింది, అవతలికి నడిచి వెళ్ళిపోయింది.