తెనాలి కింద కలిపేశారు

ఎనభైల చివర్లో నేను బాపట్లలో పశువుల దాణా కంపెనీ బ్రాంచి చూసేదాన్ని. రేపల్లె బ్రాంచి చూసేవాడు నన్ను అక్కా అని పిలిచేవాడు. మా ఇద్దరికీ సరుకు తెనాలి నుంచి వచ్చేది. అక్కడి మేనేజరు తాజా బస్తాలు తన రైతులకి ఉంచుకుని, చెమ్మ పట్టినవి మాకు తోసేవాడు. ముక్కవాసన కొట్టే ఆ దాణాకి గేదెలు మూతి కూడా పెట్టేవి కావు. రైతులు మమ్మల్ని తిట్టి, కొనడం మానేశారు. హెడ్డాఫీసుకి ఎంత చెప్పుకున్నా, అమ్మకాలెందుకు తగ్గాయని గద్దించారే తప్ప మా మాట వినలేదు.

చివరికి మా రెండు బ్రాంచీలూ ఎత్తేసి తెనాలి కింద కలిపేశారు. మా ఉద్యోగాలు పోయాయి. ఆ సంగతి చెప్పడానికి మేనేజరే బాపట్ల వచ్చి, నా కుర్చీలో కూర్చున్నాడు.

“రీఆర్గనైజేషనమ్మా. పైవాళ్ల నిర్ణయం. ఇక ఇంటిపట్టున ఉండు.”

“బూజు పట్టిన బస్తాలు పంపింది కూడా పైవాళ్లేనాండి?”

నవ్వాడు. నేను తెప్పించిన టీ తాగుతూ నవ్వాడు. ఆ ఆదివారం చర్చిలో శత్రువుల్ని క్షమించమని అందరూ ప్రార్థిస్తుంటే నేను పెదాలు కదిపానంతే.

రేపల్లెలో మూతపడిన పిండిమర ఒకటి మేమిద్దరం అద్దెకి తీసుకున్నాం. తవుడు, తెలగపిండి, మినప్పొట్టు కలిపి ఏ రోజుకారోజు తాజాగా దాణా ఆడించాం. మా పాత రైతులు తిరిగొచ్చారు. అక్కడితో ఆగితే అది వ్యాపారం. నేను ఆగలేదు. తెనాలిలో అతని ఆఫీసుకి సరిగ్గా ఎదురుగా గది తీసుకున్నాను. అతని దగ్గరికి వెళ్లే రైతుల్ని పిలిచి, “ఊరికే తీసుకెళ్లండి బాబాయ్, గేదెకి పెట్టి చూడండి,” అనేదాన్ని. గుమ్మంలో నిలబడి అతను చూస్తుంటే, నష్టమొచ్చినా నాకు పండగలా ఉండేది.

కొన్నేళ్లకి తెనాలి అమ్మకాలూ పడిపోయాయి. కంపెనీ దాన్నీ ఎత్తేసి గుంటూరులో కలిపింది. అక్కడ అతనికి చోటివ్వలేదు.

ఒక మధ్యాహ్నం రేపల్లె మిల్లుకి వచ్చాడు. చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయింది.

“అమ్మగారూ, ఏదైనా పనుంటే చూడండి. ఈ లైను తప్ప నాకింకోటి తెలియదు.”

తెనాలి గదికి మాకు నిజంగానే మనిషి కావాలి.

“ఖాళీ లేదండి,” అన్నాను.

“ముందు ముందు ఏమైనా...”

“ఉండదండి.”

అతను ఎండలో బస్టాండు వైపు నడిచాడు.

“పిల్లలున్నోడక్కా,” అన్నాడు రేపల్లె అతను మెల్లగా.

“మనకి లేరా?”

మలుపు తిరిగేదాకా అతన్నే చూస్తూ నిలబడ్డాను. జాలి వస్తుందేమో అనుకున్నాను. రాలేదు.